కంపెనీ కట్టే ప్రీమియం ఎవరి జేబులోది?

అమెరికాలో ఎన్నికల వేడి మొదలైనప్పుడల్లా మన తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. ఒకాయన "అందరికీ గవర్నమెంటే ఇన్సూరెన్సు ఇచ్చేస్తే కంపెనీలకి ఎంత ఖర్చు కలిసొస్తుందండీ, ఆ డబ్బంతా మన జీతాల్లో కలుపుతారు కదా" అంటాడు. ఇంకొకాయన పెరుగన్నం కలుపుకుంటూ "ఆ, కలుపుతారు. పన్ను వాయించడం మాత్రం ఖాయం, జీతం సంగతి దేవుడికెరుక" అంటాడు. ఈలోగా ఎవరో ఒకరు టాపిక్‌ని గ్రీన్‌కార్డు మీదకి మళ్ళించేస్తారు, వాదన అక్కడితో ఆగిపోతుంది.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. కానీ ఇద్దరూ ఒక విషయం అడక్కుండానే ఒప్పేసుకున్నారు, ఆ ప్రీమియం కంపెనీ డబ్బు అని. అది ఎంతవరకు కంపెనీ డబ్బో తేల్చుకోకుండా, అందరికీ బీమా వస్తే కంపెనీకి ఎంత మిగులుతుందో లెక్క వెయ్యలేం. అది తేలాలంటే ఓ తొంభై ఏళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

1929లో టెక్సస్‌లోని డల్లాస్‌లో బేలర్ యూనివర్సిటీ ఆసుపత్రికి ఒక చిక్కొచ్చింది. రోగులు వస్తున్నారు గానీ బిల్లులు వసూలు కావట్లేదు. అక్కడి వ్యవహారాలు చూసే జస్టిన్ కింబల్ అంతకుముందు డల్లాస్ స్కూళ్ళకి సూపరింటెండెంటుగా చేసినవాడు. బాకీల చిట్టా తిరగేస్తే టీచర్లు బోలెడుమంది కనబడ్డారట. ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. ఒక్కో టీచరు నెలకి 50 సెంట్లు కట్టాలి, జబ్బు చేస్తే ఏడాదికి 21 రోజుల దాకా ఆసుపత్రి ఖర్చు బేలర్ చూసుకుంటుంది. వెయ్యిమందికి పైగా టీచర్లు చేరారు. తర్వాత బ్లూ క్రాస్ అని పేరుపడ్డ పథకాలన్నిటికీ ఇదే బీజం.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఇందులో యజమాని పైసా కూడా లేదు. డబ్బు టీచర్లదే. ఉద్యోగం అనేది మనుషుల్ని ఒక గుంపుగా పోగుచెయ్యడానికి పనికొచ్చింది, అంతే. రోజూ పనికి రాగలిగేవాళ్ళ గుంపు కాబట్టి సగటున ఆరోగ్యంగానే ఉంటారు, జబ్బు చేశాకే వచ్చి పాలసీ కొనే బాపతు తక్కువ. బీమా నడిపేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

కంపెనీల డబ్బు దీంట్లోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధంలో. 1942 అక్టోబరులో స్టెబిలైజేషన్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చి జీతాలకి కళ్ళెం వేశారు. ఫ్యాక్టరీల్లో చూస్తే మనుషులు దొరకరు, కుర్రాళ్ళంతా యుద్ధానికి వెళ్ళారు. జీతం పెంచి పక్క కంపెనీ వాణ్ణి లాక్కుందామంటే చట్టం ఒప్పుకోదు. కానీ అదే చట్టంలో ఒక చిన్న సందుంది: ఒక మోస్తరులో ఇచ్చే ఇన్సూరెన్సు, పెన్షన్ లాంటివి జీతం కిందకి రావు. ఇంకేం, కంపెనీలు ఆ సందులోంచే దూరాయి. పైగా అప్పట్లో యుద్ధకాలపు అదనపు లాభాల మీద పన్ను 90 శాతం దాకా ఉండేది. ఎలాగూ సర్కారుకి పోయే డాలర్లే కదా అని ధారాళంగా ఖర్చుపెట్టారు.

మన భాషలో చెప్పాలంటే ఇది ప్రొడక్షన్‌లో ఇరుక్కుపోయిన టెంపరరీ ప్యాచ్. యుద్ధం అయిపోయాక తీసెయ్యాల్సింది, ఎవరూ తియ్యలేదు. తియ్యకపోగా 1954లో పన్నుల చట్టాన్ని తిరగరాసినప్పుడు దాన్ని పర్మనెంట్ చేసేశారు. కంపెనీ కట్టే ప్రీమియం కంపెనీకి ఖర్చు కిందే లెక్క, ఉద్యోగికి మాత్రం ఆదాయం కింద లెక్క కాదు. 1940లో పదిమందిలో ఒక్కరికి ఉన్న ఇన్సూరెన్సు 1950 కల్లా సుమారు సగం జనాభాకి చేరింది.

ఈ పన్ను మినహాయింపు ఎంత పనిచేస్తుందో ఒక్కసారి చూడండి. కంపెనీ మీకు వెయ్యి డాలర్లు జీతంగా ఇస్తే ఫెడరల్ ఇన్‌కమ్ టాక్సు 24 శాతం శ్లాబులో 240 పోతాయి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం అంటే ఇంకో 76 దాకా పోతాయి. స్టేట్ టాక్సు అదనం. చేతికి ఏడువందల లోపే వస్తుంది. అదే వెయ్యి ప్రీమియంగా కడితే వెయ్యికి వెయ్యీ మీదే. 12 శాతం శ్లాబులో ఉన్న గుమాస్తాకి ఇదే మినహాయింపు మనకొచ్చినంత రాదు. అంటే జీతం ఎంత ఎక్కువైతే సర్కారు చేసే సాయం అంత ఎక్కువన్నమాట! "నాకు గవర్నమెంటు ఏమీ ఇవ్వట్లేదు, నా ఇన్సూరెన్సు నా కంపెనీ ఇస్తోంది" అని ఛాతీ విరుచుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది.

సరే, ఇక అందరికీ బీమా అన్న మాటకొద్దాం. 1945 నవంబరులో ప్రెసిడెంట్ ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా కావాలని కాంగ్రెస్‌ని అడిగాడు. డాక్టర్ల సంఘం, అంటే అమెరికన్ మెడికల్ అసోసియేషన్, ఒంటికాలి మీద లేచింది. 1949లో ఒక్కో సభ్యుడి దగ్గరా 25 డాలర్లు వసూలు చేసి, కాలిఫోర్నియా నుంచి విటేకర్ అండ్ బాక్స్టర్ అనే ప్రచార సంస్థని పెట్టుకుని, ఇది సోషలిజం అని ఊరూవాడా ఊదరగొట్టింది. బిల్లు అటకెక్కింది. ఇదంతా చాలామందికి తెలిసిన కథే.

అంతగా తెలియనిది కార్మిక సంఘాల కథ. వాల్టర్ రూథర్ అని ఆటో కార్మికుల సంఘం నాయకుడు. ఆయనకి కావాల్సింది వాషింగ్టన్ నుంచి అందరికీ బీమా. అది రాదని తేలిపోయాక 1950లో జనరల్ మోటార్స్‌తో ఐదేళ్ళ ఒప్పందం కుదుర్చుకున్నాడు. 'ట్రీటీ ఆఫ్ డెట్రాయిట్' అని పేరుపడ్డది అదే. పెన్షన్, ధరల్ని బట్టి జీతం పెంపు, ఆసుపత్రి ఖర్చుల ప్రీమియంలో సగం కంపెనీ భరించడం అందులో ముఖ్యమైనవి. రూథర్ ఆలోచన ఏమిటంటే, ఈ భారం కంపెనీల నెత్తిన పడితే, రేపు మోయలేక వాళ్ళే వాషింగ్టన్ వెళ్ళి "అందరికీ మీరే ఇవ్వండి బాబూ" అని అడుగుతారని. జీఎం ప్రెసిడెంట్ చార్లెస్ విల్సన్‌కి ఇది నచ్చేది కాదు. మా ఉద్యోగులకి మేమే ఇచ్చుకుంటాం, మధ్యలో సర్కారెందుకన్నది ఆయన వాదన. మనవాడు మన దగ్గరే పడుంటాడన్న లెక్క కూడా ఉండే ఉంటుంది (అది నా అనుమానం, ఆయన అన్నమాట కాదు).

రూథర్ అంచనా నిజమైందా? నలభై ఏళ్ళు పట్టింది, అదీ సగమే నిజమైంది. ఆ సగం ఎందుకన్నదే అసలు కథ.

1990లో అకౌంటింగ్ వాళ్ళు ఒక కొత్త రూలు తెచ్చారు. రిటైరైన ఉద్యోగులకి మీరు భవిష్యత్తులో కట్టబోయే వైద్యఖర్చుని ఎప్పటికప్పుడు కట్టినప్పుడు కాదు, ఇవాళే అప్పుగా పుస్తకాల్లో చూపించాలి అని. జీఎం ఆ లెక్క వేసేసరికి 20.8 బిలియన్ డాలర్లు తేలింది. 1992లో జీఎం చూపించిన నష్టం 23.5 బిలియన్లు, అప్పటికి అమెరికా కంపెనీల చరిత్రలోనే అంత నష్టం లేదు, అందులో ముప్పాతిక పైగా ఈ ఒక్క పద్దే! ఒక్క కారు తక్కువ అమ్మలేదు, ఒక్క రూపాయి కొత్తగా అప్పు చెయ్యలేదు, ఎప్పుడో ఇచ్చిన మాటకి ఖరీదు కట్టారంతే.

ఇదే సమయంలో డెట్రాయిట్ నదికి అవతల, కెనడాలో కూడా ఇవే కంపెనీలు కార్లు చేసేవి. అక్కడ డాక్టరు ఖర్చు, ఆసుపత్రి ఖర్చు సర్కారువి. 1962లో సస్కాచెవాన్ రాష్ట్రంలో డాక్టర్ల సమ్మె మధ్య మొదలైన పథకం పదేళ్ళలో దేశమంతా పాకింది. కంపెనీకి మిగిలేది మందులు, పళ్ళు, కళ్ళజోళ్ళు లాంటి పైఖర్చులు. 2002లో కెనడాలోని మూడు పెద్ద కార్ల కంపెనీలూ కార్మిక సంఘంతో కలిసి, మా ఖర్చు తగ్గడానికి ఈ ప్రభుత్వ వైద్యం ముఖ్య కారణం, దీన్ని కాపాడండి అని సంతకాలు చేసి మరీ చెప్పాయి. 2004లో ఒంటారియో కార్ల ఉత్పత్తిలో మిషిగన్‌ని దాటేసింది. 2005లో జీఎం అధినేత రిక్ వాగనర్ ఒక్కో కారు మీద వైద్యఖర్చే 1,500 డాలర్లు పడుతోందని ఊరంతా తిరిగి చెప్పాడు. అయినా ఆ జీఎం అమెరికాలో కెనడా పద్ధతి కావాలని అడిగిందా? లేదు. నదికి అటువైపు సంతకం, ఇటువైపు మౌనం.

ఇంతవరకు చదివాక మన పాట్‌లక్‌లో మొదటాయన "చూశారా, నే చెప్పలా" అంటాడు. ఆగండి. కెనడాలో కంపెనీ ఆ డబ్బు కట్టడం మానేసిందని ఎవరన్నారు? ఒంటారియోలో 1989 దాకా తలసరి ప్రీమియం ఉండేది, చాలామందికి కంపెనీలే కట్టేవి. 1990 జనవరి 1 నుంచి ఆ ప్రీమియం ఎత్తేసి ఎంప్లాయర్ హెల్త్ టాక్స్ అని పెట్టారు, మొత్తం జీతాల బిల్లు మీద 0.98 నుంచి 1.95 శాతం దాకా. 2004లో దాని పక్కన ఇంకొకటి వచ్చింది, ఈసారి ఉద్యోగి ఆదాయం మీద, ఏడాదికి 900 డాలర్ల దాకా. టొరాంటోలో ఉన్న మనవాళ్ళ టాక్స్ రిటర్న్‌లో కనిపించేది అదే. తలసరి ప్రీమియం, తర్వాత జీతాల మీద పన్ను, తర్వాత మనిషి మీద పన్ను. డబ్బు వెళ్ళేది అదే ఆసుపత్రికి, బిల్లు మీద పేరు మాత్రం మారుతూ వచ్చింది. ఆ పేరు మారడంలోనే కొందరికి లాభం, కొందరికి నష్టం.

సంగతంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం. ప్రీమియం అనేది తలకింత. ఆఫీసు ఊడ్చే మనిషికీ, ఆర్కిటెక్టుకీ ఒకే ప్లాన్ అయితే కంపెనీ కట్టేది ఒకటే. 2025లో కేఎఫ్ఎఫ్ సర్వే ప్రకారం కుటుంబానికి సగటు ప్రీమియం 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి కట్టేది 6,850, కంపెనీ కట్టేది మిగతా 20,143. (1999లో ఇదే సర్వేలో మొత్తం ప్రీమియం 5,791. మన జీతాలు అన్నిరెట్లు పెరిగాయా?) నలభై వేల జీతగాడికి ఇరవై వేలంటే జీతంలో సగం. రెండు లక్షల జీతానికి పదోవంతు. అందుకే తక్కువ జీతాల చోట కంపెనీలు అసలు ఇన్సూరెన్సే ఇవ్వకుండా, పార్ట్‌టైమ్ పేరుతో, కాంట్రాక్టు పేరుతో తప్పించుకుంటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మాత్రం డెంటల్, విజన్, యోగా క్లాసు కూడా కలిపి ఇస్తాయి.

అందరికీ బీమా వచ్చి, దాని ఖర్చుని జీతం మీద శాతంగా వసూలు చేస్తే ఈ బొమ్మ తిరగబడుతుంది. దీనికి గాలి లెక్కలక్కర్లేదు, వెర్మాంట్ రాష్ట్రం నిజంగానే వేసి చూసింది. 2011లో అక్కడ గవర్నర్ పీటర్ షమ్లిన్ రాష్ట్రమంతటికీ ఒకే ప్రభుత్వ బీమా అని చట్టం చేశాడు. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తర్వాత చూద్దామన్నారు. (రిక్వైర్‌మెంట్స్ ముందు సైన్ చేసి, ఎస్టిమేట్ తర్వాత వెయ్యడం మనకే కాదు, గవర్నర్లకీ అలవాటే.) 2014 నవంబరు ఎన్నికల్లో ఆయన చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు. డిసెంబరులో లెక్కలు తేలాయి: అన్ని వ్యాపారాల మీదా జీతాల్లో 11.5 శాతం పన్ను, దానికి తోడు కుటుంబాల ఆదాయం మీద 9.5 శాతం దాకా ఇంకోటి. చూసి, ఇప్పుడు కాదులెమ్మని ఆయనే చేతులెత్తేశాడు.

ఆ 11.5 శాతాన్ని 2014 నాటి దేశ సగటు ప్రీమియం పక్కన పెట్టి చూడండి. అప్పుడు కుటుంబ ప్రీమియంలో కంపెనీ వాటా సుమారు 12,000 డాలర్లు. నలభై వేల జీతగాడి మీద కొత్త పన్ను 4,600. అంటే అప్పటికే ఫ్యామిలీ ఇన్సూరెన్సు ఇస్తున్న కంపెనీకి ఒక్క మనిషి మీద ఏడువేలకి పైగా మిగులు. లక్ష జీతగాడి మీద 11,500, దాదాపు సరికి సరి. లక్షన్నర జీతగాడి మీద 17,250, ఐదువేల పైచిలుకు నష్టం. పెళ్ళి కానివాడి లెక్క వేరే. అతని ప్రీమియంలో కంపెనీ వాటా ఐదువేల లోపే కాబట్టి 43 వేల జీతం దాటిన దగ్గర్నుంచీ కంపెనీకి నష్టమే. ఇక అప్పటిదాకా ఏమీ ఇవ్వని చిన్న రెస్టారెంటు యజమానికి? నిన్నటిదాకా సున్నా, ఇవాళ 11.5 శాతం. వాడు గోల చెయ్యడా మరి?

కాబట్టి "యూనివర్సల్ హెల్త్‌కేర్ వస్తే కంపెనీల ఖర్చు పెరుగుతుందా, తగ్గుతుందా" అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. ముసలి ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు, మధ్యరకం జీతాలు ఉన్న పాత ఫ్యాక్టరీకి తగ్గుతుంది. ఏమీ ఇవ్వని హోటలుకి పెరుగుతుంది. కుర్రాళ్ళు, పెద్ద జీతాలు ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి, శాతం లెక్కయితే, పెరిగే అవకాశమే ఎక్కువ. వాషింగ్టన్‌లో ఏ కంపెనీ ఏవైపు నిలబడిందో చూస్తే సిద్ధాంతాల కంటే ఈ లెక్కే ఎక్కువ కనబడుతుంది.

1993లో క్లింటన్ పథకమే తీసుకోండి. ప్రతి యజమానీ సగటు ప్రీమియంలో 80 శాతం కట్టాలి, కానీ అది జీతాల బిల్లులో 7.9 శాతం దాటకూడదు, తక్కువ జీతాల చిన్న సంస్థలకి 3.5 శాతమే. 55 దాటి ముందుగా రిటైరైనవాళ్ళ ఖర్చులో చాలాభాగం సర్కారు ఎత్తుకుంటుంది. ఆ చివరి షరతు ఎవరి కోసమో వేరే చెప్పాలా? డెట్రాయిట్ సంతోషించింది. చిన్న వ్యాపారుల సంఘం ఎన్ఎఫ్ఐబీ మొదటిరోజు నుంచే కత్తి కట్టింది. పెద్ద కంపెనీల బిజినెస్ రౌండ్‌టేబుల్ 1994 ఫిబ్రవరిలో వేరే బిల్లుకి ఓటేసింది. ఛాంబర్ ఆఫ్ కామర్స్ ముందు తలూపి తర్వాత అడ్డంగా ఊపింది. రూథర్ లెక్కలో పొరపాటు ఇదే. కంపెనీలన్నీ ఒకే భారం మోస్తున్నాయనుకున్నాడు. మోసేవాడికీ మొయ్యనివాడికీ పొత్తు ఎలా కుదురుతుంది?

ఇంకో మెలిక 1974లోనే పడింది. ఆ ఏడాది వచ్చిన ఎరిసా చట్టం ప్రకారం, సొంత డబ్బుతో ఉద్యోగుల క్లెయిములు చెల్లించుకునే కంపెనీల ప్లాన్లని రాష్ట్ర ప్రభుత్వాలు ముట్టుకోకూడదు. మీ కార్డు మీద ఏట్నా అనో సిగ్నా అనో ఉన్నా, పెద్ద కంపెనీల్లో అది చాలాసార్లు కాగితాలు చూసే ఏజెంటే, డబ్బు కంపెనీదే. ఇన్సూరెన్సు ఉన్న ఉద్యోగుల్లో 60 శాతానికి పైగా ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. అందుకే ఏ రాష్ట్రం ఏ పథకం తెచ్చినా, కంపెనీ తన ప్లాను తను నడుపుకుంటూ "మేం రెండుసార్లు కట్టాలా" అని అడగొచ్చు. హవాయి ఒక్కటి తప్పించుకుంది. ఎరిసా రావడానికి కొద్ది నెలల ముందే, వారానికి 20 గంటలు పనిచేసే ప్రతివాడికీ యజమాని ఇన్సూరెన్సు ఇవ్వాలని, ఉద్యోగి వాటా జీతంలో 1.5 శాతం మించకూడదని చట్టం చేసుకుంది. కోర్టు గొడవల తర్వాత 1983లో కాంగ్రెస్ దానికి ప్రత్యేకంగా మినహాయింపిచ్చింది.

2010లో ఒబామా ఈ చరిత్ర అంతా చదివే వచ్చినట్టున్నాడు. కంపెనీ ఇన్సూరెన్సుని కదపలేదు. 50 మంది దాటితే ఇవ్వాలి, లేకపోతే జరిమానా అన్నాడంతే. కంపెనీలన్నీ జరిమానా కట్టేసి ఉద్యోగుల్ని రోడ్డున పడేస్తాయని అప్పట్లో జోస్యాలు చెప్పినవాళ్ళున్నారు, అలాంటిదేం జరగలేదు. ఇప్పటికీ 15 కోట్లకు పైగా జనానికి ఉద్యోగం ద్వారానే బీమా. అందులో ఆ 1954 మినహాయింపుని కాస్త కత్తిరిద్దామని, మరీ ఖరీదైన ప్లాన్ల మీద 40 శాతం పన్ను పెట్టారు. 'కాడిలాక్ టాక్స్' అనేవాళ్ళు. దాన్ని వాయిదా మీద వాయిదా వేసి, ఒక్కరోజు కూడా అమలు కాకుండానే 2019 డిసెంబరులో రెండు పార్టీలూ కలిసి పూడ్చిపెట్టాయి. ఆ రెండు పార్టీలూ కలవడమే వింత, అదీ కంపెనీలూ యూనియన్లూ ఒక్కమాట మీద ఉన్నప్పుడు!

అదే 2019లో ఎలిజబెత్ వారెన్ వేసిన పద్ధతి చిత్రమైనది. అందరికీ మెడికేర్ ఇద్దాం, కంపెనీలు ఇప్పుడు ఇన్సూరెన్సుకి ఎంత కడుతున్నాయో అందులో 98 శాతం గవర్నమెంటుకి కట్టమందాం, అంతే అంది. పదేళ్ళలో 8.8 ట్రిలియన్లు. ఆ మేరకు కొత్త పన్ను అనక్కర్లేదు, పాత ప్రీమియమే చిరునామా మార్చుకుంటుంది. తెలివైన ఎత్తే. కానీ నిన్నటిదాకా ఉదారంగా ఇచ్చినవాడు ఎక్కువ కట్టాలి, పిసినారి తక్కువ కట్టాలి. పోనుపోను అందరికీ తలసరి ఒకే మొత్తానికి తెస్తామన్నారు గానీ, అప్పుడది మళ్ళీ ఊడ్చేవాడికీ ఆర్కిటెక్టుకీ ఒకే తలపన్ను. పైగా ఉద్యోగి తలకి లెక్క గాబట్టి ఉద్యోగిని కాంట్రాక్టరుగా మారిస్తే కంపెనీకి ఆదా. సీ2సీ అంటే ఏమిటో మనవాళ్ళకి ఒకరు చెప్పాలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. మిగిలిన డబ్బు జీతంలో కలుపుతారా? ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నది, ప్రీమియం ఎవరు కట్టినా చివరికి పడేది జీతం మీదేనని. 1970లలో కొన్ని రాష్ట్రాలు ప్రసూతి ఖర్చులు ఇన్సూరెన్సులో తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో జొనాథన్ గ్రూబర్ అనే ఆయన 1994లో లెక్కలు తీశాడు. పిల్లల్ని కనే వయసు వివాహిత స్త్రీల జీతాలు ఇంచుమించు ఆ ఖర్చు మేరకే తగ్గాయట. ఇది నిరూపించడానికి ఆయనకి పెద్ద పేపరు కావాల్సొచ్చింది గానీ, దేశీ కన్సల్టింగ్ కంపెనీలో 80-20 మీద పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. బిల్ రేటు ఇంత, అందులో నీ 80 శాతం ఇంత, దాంట్లోంచి ఎంప్లాయర్ పేరోల్ టాక్సు తీస్తే ఇంత, ఇన్సూరెన్సు ప్రీమియం తీస్తే చేతికి ఇంత. ఎంప్లాయర్ వాటా అనే మాటే అక్కడ వినబడదు. భార్య ఉద్యోగంలో ఇన్సూరెన్సు ఉందనుకోండి, ఆ గడి ఖాళీ, జీతం అంతమేరకు పెరుగుతుంది. పెద్ద కంపెనీలో జరిగేదీ ఇదే, ఎక్సెల్ షీటు మనకి చూపించరు, అంతే తేడా.

కాకపోతే తగ్గేటప్పుడు ఉన్నంత చురుకు పెరిగేటప్పుడు ఉండదు. ప్రీమియం పెరిగిన ఏడాది హైకు తగ్గించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రీమియం మాయమైన ఏడాది ఆ ఇరవై వేలూ జీతంలో కలపాలంటే అడిగేవాడుండాలి. రూథర్ లాంటివాడు బల్లకి అటువైపు కూర్చుంటే వసూలు చేస్తాడు. మనకి యూనియన్ లేదు, ఉన్నదల్లా ఇంకో ఆఫర్ లెటర్ చూపించి బేరమాడ్డమే. జాబ్ మార్కెట్ బాగుంటే రెండుమూడేళ్ళలో వస్తుంది, బాగోకపోతే కంపెనీ షేర్‌హోల్డర్లకి పోతుంది. వచ్చినా దాని మీద పన్ను పడుతుంది, ప్రీమియంగా ఉన్నప్పుడు పడనిది. పెరుగన్నం ఆయన చెప్పినదాంట్లో నిజం అంతవరకు.

మరైతే ఈ పాత ఏర్పాటే మనకి లాభం కదా, వదిలెయ్యొచ్చుగా అంటారా? జీతం వస్తున్నంతకాలం లాభమే, కాదనను. 2023 లేఆఫ్‌లలో నాకు బాగా తెలిసిన ఒక కుర్రాడికి ఉద్యోగం పోయింది. హెచ్1బీ కాబట్టి కొత్త ఎంప్లాయర్‌ని వెతుక్కోడానికి 60 రోజులు. భార్యకి ఏడో నెల. 1986 నాటి కోబ్రా చట్టం పుణ్యమా అని పాత ఇన్సూరెన్సు 18 నెలల దాకా ఉంచుకోవచ్చు, కానీ పూర్తి ప్రీమియం ప్లస్ రెండు శాతం తనే కట్టుకోవాలి. కుటుంబానికి నెలకి రెండువేల డాలర్ల పైమాటే. "అన్నా, ఇన్నాళ్ళూ నాకు తెగేది నాలుగొందలే కదా, మిగతాదంతా కంపెనీ ఇచ్చేదా?" అన్నాడు ఫోన్లో. కంపెనీ ఇచ్చేది కాదు తమ్ముడూ, నీ జీతంలోదే, నీకు చెప్పకుండా కట్టేవాళ్ళు అన్నాను. అతనికి అప్పుడు కావాల్సింది ఆ సమాధానం కాదనుకోండి. ఆరో వారంలో వేరే చోట ఆఫర్ వచ్చింది, పాతదానికంటే తక్కువ జీతానికి. ఒప్పేసుకున్నాడు. ఆసుపత్రి తేదీ దగ్గరపడ్డవాడు బేరమాడతాడా?

ఆ బేరం పోవడానికి ఏ సర్వేలోనూ ఖరీదు కట్టరు. ఇన్సూరెన్సు కోసం ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడేవాడు ఎంత తక్కువకి ఒప్పుకుంటాడో ఆ తేడా కంపెనీకి మిగిలినట్టే కదా. 'ఎంప్లాయర్ ఖర్చు' అని తీసివేతలు వేసేవాళ్ళు ఈ కూడికని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందరికీ బీమా వస్తే కంపెనీలు పోగొట్టుకునేవాటిలో ఇదొకటి. ప్రీమియం ఆదా అవుతుందని తెలిసి కూడా కొందరు ఎందుకు ఉత్సాహం చూపించరో అప్పుడు కొంత అర్థమవుతుంది.

జనవరి నెలాఖరులో డబ్ల్యూ-2 వస్తుంది కదా, ఈసారి 12వ గడి చూడండి. అక్కడ 'డీడీ' అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. 2012 నుంచి మాలాంటి పెద్ద కంపెనీలన్నీ వేస్తున్నాయి. మీదీ, కంపెనీదీ కలిపి ఆ ఏడాది మీ ఇన్సూరెన్సుకి పోయిన మొత్తం అది. పన్ను లెక్కకి అక్కర్లేదు గనక టాక్స్ సాఫ్ట్‌వేర్ దాన్ని అడిగి పక్కన పెట్టేస్తుంది. కిందటేడు మా ఇంట్లో ఆ అంకె చూసి మా ఆవిడ "ఇది మనకి వాపసు వచ్చేదా, మనం కట్టాల్సిందా?" అని అడిగింది.